తలుపు తీయని మే నెల

జయలక్ష్మి పక్షుల దీవికి వెళ్తానన్నప్పుడు ఇంట్లో ఎవరూ నమ్మలేదు. మొగుడు జనార్దనరావు అయితే ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా, "వారం. మహా అయితే పది రోజులు," అన్నాడు. ఇంగోల్‌స్టాట్‌లో కార్ల కంపెనీలో పనిచేసే కూతురు కావ్యశ్రీ "జూపర్, మమా" అని జర్మన్‌లో మెచ్చుకుని, ఆ వెంటనే "అక్కడ బాత్‌రూం ఉంటుందా?" అని తెలుగులో అడిగింది.

పెళ్ళయ్యాక బందరు నుంచి హాంబర్గ్ వచ్చిన జయలక్ష్మి ఇన్నేళ్ళూ ఒక కీటాలో, అంటే పసిపిల్లల బడిలో, వంట చేసింది. ఈ శీతాకాలంలో ఆ కీటా మూసేశారు. కొత్త ఉద్యోగం ఆగస్టులో గానీ మొదలుకాదు. ఐదారేళ్ళుగా ఆదివారాలు ఎల్బే నది ఒడ్డున పక్షులు చూసే బృందంతో తిరుగుతోంది. డాక్టరు నడవమంటే మొదలుపెట్టింది. తర్వాత నడక సంగతి మర్చిపోయి పక్షుల వెంట పడింది. ఆ బృందంలోని హైకె అనే ఆవిడ ఒకనాడు, "క్లైన్‌జాండ్ దీవిలో ఈసారి నాకు తోడెవరూ దొరకలేదు, వస్తావా?" అని అడిగింది. ఆలోచించి చెప్తానందామని నోరు తెరిచిన జయలక్ష్మి వస్తానంది.

క్లైన్‌జాండ్ దీవి అనేది పేరుకే. హూసుమ్ రేవు నుంచి పడవలో వెళ్ళాలి, అదీ సముద్రం పోటు మీదున్నప్పుడే. ఆటుకు నీళ్ళు తీసేస్తే చుట్టూ కనుచూపు మేర బురద. చెట్టు లేదు, ఊరు లేదు. ఎత్తుగా ఉన్న ఇసుక దిబ్బ మీద ఒక కర్ర గుడిసె, దాని వెనకాల మరుగుదొడ్డి, పైన సోలార్ పలకలు, అంతే. వసంతం నుంచి వేసవి చివరిదాకా అక్కడ ఇద్దరు మనుషులుంటారు. ఏ పక్షి ఎక్కడ గూడు పెట్టింది, ఎన్ని పిల్లలు బతికాయి, ఎక్కడో ఆఫ్రికా నుంచి ఉత్తరానికి పోతూ మేత కోసం ఇక్కడ దిగే గుంపులు ఎంతెంత ఉన్నాయి, ఇవన్నీ చూసి లెక్కపెట్టడం వాళ్ళ పని.

వెళ్ళిన నెలలోపే తలుపు గొడవ వచ్చింది. గుడిసె ముందు ఇసుక లోపలికి రాకుండా గులకరాళ్ళు, చిప్పలు పరిచి ఉంటాయి. ఒక ఆస్టర్న్‌ఫిషర్ పక్షుల జంటకు ఆ రాళ్ళు నచ్చాయి. నలుపూ తెలుపూ ఒళ్ళు, క్యారెట్ లాంటి పొడుగు ఎర్ర ముక్కు, దానికి తగ్గ గొంతు. ఒక పొద్దున జయలక్ష్మి తలుపు తోసి బయటికి కాలు పెట్టబోతే, గడపకు జానెడు దూరంలో మచ్చల గుడ్డు ఒకటి కనిపించింది. హైకె వచ్చి చూసి, మెల్లగా తలుపు లాగి గొళ్ళెం పెట్టేసింది. హానోవర్‌లో ఉద్యోగమంతా ట్రామ్ నడుపుతూ గడిపిన మనిషి కదా, దారి మూసుకుపోతే ఏం చెయ్యాలో ఆవిడకు తెలుసు. వెనక వైపు వంటింటి కిటికీ తెరిచి, దాని కింద ఒక చేపల పెట్టె బోర్లించింది.

"ఈ నెలంతా ఇదే స్టాపు," అంది.

ఆ తర్వాత నీళ్ళ డబ్బాలు, సరుకులు, టెలిస్కోపు, చెత్త సంచులు, ఇద్దరాడవాళ్ళు అన్నీ కిటికీలోంచే. యాభై దాటిన జయలక్ష్మికి మొదటి రోజు మోకాళ్ళు పట్టేశాయి. రెండో వారానికి చేతిలో టీ కప్పుతో, ఒక్క చుక్క ఒలకకుండా దిగడం వచ్చేసింది.

మే నెలాఖరున, ఒక శుక్రవారం మధ్యాహ్నం జనార్దనరావు వచ్చాడు. హాంబర్గ్ రేవులో కంటెయినర్ల రాకపోకలు చూసే ఆఫీసులో పెద్ద ఉద్యోగం ఆయనది. దీవిని చూసుకునే పక్షుల సంఘం వాళ్ళ దగ్గర అనుమతి తీసుకుని, పడవాడు యెన్స్‌తో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, పెట్టుకుని, పద్ధతిగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నల్ల తోలు బూట్లు, చక్రాల సూట్‌కేసు. ఆ చక్రాలు ఇసుకలో రెండు బారలు దొర్లి మొండికేశాయి.

"చిక్కిపోయావు," అన్నాడు భార్యను చూసి.

"ఎండకి నల్లబడ్డాను. చిక్కలేదు," అంది జయలక్ష్మి. ఆయన్ని చూడగానే ఇంత సంతోషం కలుగుతుందని ఆవిడ అనుకోలేదు. సూట్‌కేసుకు ఒకవైపు తనూ చెయ్యి వేసింది.

దిబ్బ ఎక్కగానే జనార్దనరావు ఎవరింటికి వెళ్ళినా నడిచినట్టే నేరుగా తలుపు వైపు నడిచాడు. "అటు కాదండీ," అని జయలక్ష్మి అనేలోపే రాళ్ళ మధ్య నుంచి ఎర్ర ముక్కు ఒకటి లేచి చెవులు చిల్లులుపడేలా అరిచింది. ఎక్కడినుంచో రెండోది కూడా వచ్చి ఆయన తల చుట్టూ తిరిగి అరిచింది. జనార్దనరావు సూట్‌కేసు గుండెలకు హత్తుకుని వెనక్కి వెనక్కి నడిచాడు.

"తలుపు వాళ్ళది. మనది కిటికీ," అంది జయలక్ష్మి.

"ఇంటికి అద్దె ఎవరు కడుతున్నారు?"

"ఎవరూ కట్టడం లేదు. ముందొచ్చింది వాళ్ళు."

చేపల పెట్టె మీద నిలబడి ఆయన కిటికీని కాసేపు పరీక్షగా చూశాడు. ఒక కాలు లోపల పెట్టాడు. తల పెట్టాడు. అక్కడ పొట్ట ఆగిపోయింది. లోపలినుంచి జయలక్ష్మి చేతులు పట్టుకుని లాగింది. బయటినుంచి హైకె, పరిచయమైనా కాకముందే, రెండు చేతులతో వెనక నుంచి తోసింది. "లోపలున్నవాళ్ళు దయచేసి జరగండి," అని ట్రామ్‌లో మైకు మీద చెప్పినట్టు చెప్పింది. జనార్దనరావు ఉల్లిపాయల బుట్ట మీద దిగాడు. లేచి చొక్కా సర్దుకుని, కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, ఆఫీసు జర్మన్‌లో, "మిమ్మల్ని కలవడం సంతోషం, నా పేరు రావు," అన్నాడు.

సూట్‌కేసు నిండా తిండే. గోంగూర పచ్చడి, కందిపొడి, నెయ్యి, జంతికలు. హైకె గోంగూర నాలిక్కి తగిలించుకుని కళ్ళు మూసుకుంది, మళ్ళీ పెట్టించుకుంది. అన్నాలు అయ్యాక ఆయన అసలు సంగతి తీశాడు.

"రేపు పడవలో నువ్వు కూడా నాతో వచ్చెయ్యి జయా. ఆదివారం మనింటికి జనం వస్తున్నారు. వాసుదేవరావు వాళ్ళు, అతని బావమరిది కుటుంబం, మా ఆఫీసులో తెలుగువాళ్ళు. ముప్పై నలభై మంది ఉంటారు. గుత్తివంకాయ, పులిహోర, నీ చక్రపొంగలి అని చెప్పేశాను. సోమవారం మళ్ళీ నేనే దింపేస్తా."

"చెప్పేశారా?"

"నెల కిందటే అనుకున్నాం."

"ఎవరెవరు అనుకున్నారు?"

జనార్దనరావు నెయ్యి సీసా మూత బిగించాడు. వాసుదేవరావు ఆయన ఆఫీసులోనే పనిచేస్తాడు, పదేళ్ళ స్నేహం. అనుకున్నది వాళ్ళిద్దరూ.

"రేపు పెద్ద పోటు లెక్క ఉంది," అంది జయలక్ష్మి. "పదిహేను రోజులకోసారి ఈ తీరం పొడుగునా అందరూ ఒకే పూట నిలబడి లెక్కపెడతారు. నేను వెళ్ళిపోతే ఈ దీవి దక్షిణపు కొసన చూసేవాళ్ళుండరు."

"ఒక్కసారికి ఏమవుతుంది? పిట్టలు ఎటు పోతాయి?"

"సైబీరియా పోతాయి. వచ్చే లెక్కకి ఉండవు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వుకి ఆవిడకు ఎక్కడో మండింది. గొంతు పెంచలేదు. "కీటాలో వంద మందికి వండాను, అది నా పని. ఇంట్లో మీ స్నేహితులకి వండాను, ఇష్టంగానే వండాను. కానీ ఎప్పుడన్నా నన్ను అడిగి పిలిచారా? ఈసారి నేను ఇక్కడున్నానని తెలిసి కూడా అడగలేదు. నేను రాను."

తెలుగు ముక్క రాకపోయినా హైకెకి సంగతి అర్థమైంది. కుర్చీ లోంచి లేచి, చప్పుడు చెయ్యకుండా కిటికీ ఎక్కి బయటికి దిగిపోయింది. ఆ రాత్రి జనార్దనరావు పై బంకులో, జయలక్ష్మి కింది బంకులో, ఇద్దరూ గోడవైపు తిరిగి పడుకున్నారు.

తెల్లారేసరికి గాలి మారింది. పడమటి నుంచి ఒకటే ఈదర గాలి. గుడిసె పలకలు కటకటలాడుతున్నాయి. యెన్స్ రేడియోలో మాట్లాడి, ఈ గాలిలో పడవ తీయనన్నాడు. సోమవారం చూద్దామన్నాడు.

జనార్దనరావు మొహం పాలిపోయింది. ఓడ ఆలస్యమైతే ఎవరెవరికి కబురు పెట్టాలో నిద్రలో కూడా చెప్పగల మనిషి, తన ఇంటి విందు సంగతి ఎవరికి ఎలా చెప్పాలో తోచక కూర్చున్నాడు. గుడిసెలో ఫోన్ పలకదు. దిబ్బ చివర పాత జెండా కర్ర దగ్గర మాత్రం కాస్త సిగ్నల్ ఉంటుంది. అయితే ఆ పక్కనే కత్తెర తోక తెల్ల పిట్టలు గూళ్ళు పెట్టాయి. పావురమంత కూడా ఉండని పిట్ట, తల మీద నల్ల టోపీ, దక్షిణ ధ్రువం దాకా పోయి వస్తుంది. తన గుడ్ల దగ్గరికి వస్తే రాజుని కూడా లెక్కచెయ్యదు.

"కర్రకి ఇవతల గుండ్రాయి ఒకటుంది, అది దాటకండి, తొందరగా మాట్లాడి వచ్చెయ్యండి," అని చెప్పి హైకె ఆయన తల మీద అల్యూమినియం గిన్నె బోర్లించింది. జయలక్ష్మికి కోపం ఇంకా పోలేదు గానీ, ఆయన గిన్నె పెట్టుకుని, ఒక చేత్తో అది ఎగిరిపోకుండా పట్టుకుని, రెండో చేత్తో స్పీకరు పెట్టిన ఫోన్ చెవికి ఆనించి నిలబడితే చూడకుండా ఉండలేకపోయింది.

"హలో వాసుదేవరావ్, నేనయ్యా," అన్నాడు. టంగ్ మని గిన్నె మీద ముక్కు దెబ్బ. "రేపటి సంగతి..." టంగ్. "పడవ లేదు. నేనూ రాలేను, జయా రాదు." భుజం మీద తెల్లగా ఏదో పడింది.

"అక్కడ ఎవరండీ అలా అరుస్తున్నారు? మేడమ్ గారా?" అని అవతలి గొంతు గాలిలో కూడా స్పష్టంగా వినిపించింది.

"కాదయ్యా. పిట్టలు."

ఆ తర్వాత అవతలివాళ్ళు ఏదో చెప్పారు, ఆయన "అలాగా, అలాగా" అన్నాడు. తిరిగొచ్చి, గిన్నె తీసి, కిటికీ కింద పెట్టె మీద కూర్చున్నాడు.

"ఏమన్నాడు?" అంది జయలక్ష్మి.

"దానికేముంది, మా ఇంట్లో పెట్టుకుంటాం, తలా ఒకటి వండుకొస్తాం అన్నాడు. వాళ్ళావిడ వెనకనుంచి, ఇదివరకే ఇలా చెయ్యాల్సింది, ప్రతిసారీ జయలక్ష్మి గారొక్కరే చాకిరీ చేస్తున్నారు అంటోంది." కాసేపు భుజం మీది మరక వైపు చూసుకున్నాడు. "వాళ్ళందరికీ తెలుసన్నమాట."

జయలక్ష్మి తడిగుడ్డ ఒకటి ఆయన చేతికిచ్చింది.

పోటు లెక్కకు వేళైంది. పోటు ఎక్కుతుంటే బురద మీద చెదిరి మేసే పక్షులన్నీ మునగని చోటికి వచ్చి గుంపుగా నిలబడతాయి. అప్పుడే లెక్కపెట్టాలి. హైకె ఉత్తరపు కొసకు పోయింది. దక్షిణపు కొసకు జయలక్ష్మి. ఈ గాలికి స్కోపు ముక్కాలిపీట ఊగిపోతుందని ఆవిడ అంటే, "నేను పట్టుకుంటా," అని జనార్దనరావు బయల్దేరాడు. తోలు బూట్లు తీసేసి హైకె పాత రబ్బరు బూట్లు వేసుకున్నాడు.

ఇసుకలో బోర్లా పడుకుని ఆయన ముక్కాలిపీట కాళ్ళు రెండు చేతులా పట్టుకున్నాడు. జయలక్ష్మి స్కోపుకి కన్ను ఆనించింది. ఎదురుగా ఇసుక నాలుక మీద ఎర్రటి దుప్పటి పరిచినట్టు క్నుట్‌లు. పిడికెడంత పక్షులు, పెళ్ళిళ్ళ కాలానికి ఇటుక రంగు వేసుకుని ఉన్నాయి.

"ఎన్నుంటాయంటారు?" అంది, ఉన్నట్టుండి ఆయన్ని కూడా అడగాలనిపించి.

జనార్దనరావు మెడ ఎత్తి చూశాడు. యార్డులో ఒక చూపుతో కంటెయినర్లు అంచనా కట్టే మనిషి. "వెయ్యి," అన్నాడు ధీమాగా.

"మొదట్లో నేనూ ఇలాగే అనేదాన్ని." ఎలా లెక్కపెట్టాలో చెప్తూనే ఆవిడ లెక్కలోకి దిగింది. ముందు పదింటిని చూపుతో పట్టుకుంటుంది. ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో చూసి వందను పట్టుకుంటుంది. ఆ వందను గుంపు మీద పక్కపక్కనే పరుచుకుంటూ పోతుంది, పెద్ద పళ్ళెంలో అప్పడాలు సర్దినట్టు. జనార్దనరావు కింద నుంచి ఆవిడ మొహమే చూస్తున్నాడని ఆవిడకు తెలుస్తూనే ఉంది. చూపు తిప్పితే లెక్క పోతుంది.

ఇంక కొంచెం ఉందనగా గుంపు మొత్తం ఒక్కసారి లేచింది. ఆకాశంలో డేగ. వేల రెక్కల చప్పుడు వాన జల్లులా ముంచుకొచ్చింది. గుంపు ఒకవైపు తిరిగితే ఆకాశం ఎర్రగా అయింది, ఇంకోవైపు తిరిగితే వెండిలా తెల్లబడింది, సాగింది, ముద్దయింది, మళ్ళీ సాగింది. డేగ రెండు సార్లు దూకి, ఏమీ దొరక్క గాలికి కొట్టుకుపోయింది. జనార్దనరావు ముక్కాలిపీట వదిలేసి లేచి నిలబడ్డాడు. నోరు తెరుచుకుని ఉంది. కళ్ళద్దాల నిండా ఇసుక.

"ఇప్పుడెలా?" అన్నాడు.

"దిగనివ్వండి. మళ్ళీ మొదటినుంచి."

"మొత్తం మళ్ళీనా?"

"అంతే మరి."

ఆయన మళ్ళీ పడుకుని ముక్కాలిపీట కాళ్ళు పట్టుకున్నాడు. ఈసారి పూర్తయింది. ఎనిమిది వేల పైచిలుకు. జనార్దనరావు ఆ సంఖ్య విని వెల్లకిలా తిరిగి ఆకాశం వైపు చూస్తూ పడుకున్నాడు.

"నిన్ను అడగాల్సింది," అన్నాడు. "విందు ఒక్కటే కాదు. ఇక్కడ నువ్వేం చేస్తున్నావో కూడా ఎప్పుడూ అడగలేదు. ఫోన్ చేస్తే కుక్కర్ రబ్బరు ఎక్కడుంది, వాషింగ్ మెషిన్లో ఈ బటన్ ఏంటి అని తప్ప."

"కుక్కర్ రబ్బరు దొరికిందా?"

"లేదు."

జయలక్ష్మి నవ్వింది. చెయ్యిచ్చి ఆయన్ని లేపింది.

ఆ సాయంత్రం గాలి ఇంకా పెరిగింది. మధ్యాహ్నపు పోటు నీళ్ళు మామూలుగా రానంత పైకి వచ్చి గడ్డి మైదానం అంచున ఉన్న కొన్ని గూళ్ళను పట్టుకుపోయాయి. హైకె వెళ్ళి చూసి వచ్చి, ఎన్ని పోయాయో చెప్పి, టీ పెట్టుకుంది. ప్రతి ఏడూ జరిగేదే, అయినా ఆ పూట ఎవరికీ పెద్దగా ఆకలి కాలేదు. దిబ్బ మీదికి నీళ్ళు రావు గానీ, గాలికి ఇసుక లేచి తలుపు ముందు పడుతోంది. తలుపుకున్న చిన్న గాజు పలక లోంచి చూస్తే, ఆస్టర్న్‌ఫిషర్ గాలికి ఎదురుగా ముక్కు పెట్టి, కళ్ళు చికిలించి, గుడ్ల మీద బిగుసుకుని కూర్చుని ఉంది. వీపు మీద ఇసుక పేరుకుంటోంది.

"ఒక పలక అడ్డం పెడితే పోలా?" అన్నాడు జనార్దనరావు.

"మనం బయటికెళ్తే అది లేస్తుంది. లేస్తే గుడ్ల మీద ఇసుక పడుతుంది," అంది హైకె. "దాని పని దానికి తెలుసు."

ఆయన సమాధానపడలేదు. కుర్చీ తెచ్చుకుని గాజు పలక దగ్గరే కూర్చున్నాడు. కొంతసేపటికి రెండో పక్షి నడుచుకుంటూ వచ్చింది. మొదటిది లేచి ఒళ్ళు దులుపుకుంది, రెండోది గుడ్ల చుట్టూ ఇసుకను కాళ్ళతో వెనక్కి తన్ని ఆ చోట కూర్చుంది. "షిఫ్టు మారారు," అన్నాడు జనార్దనరావు. ఎంతో ఊరట పడ్డట్టు వినిపించింది గొంతు. జంతికల డబ్బా అప్పుడు తెరిచాడు.

ఆదివారం పొద్దున జయలక్ష్మి కాఫీ కలుపుతుంటే ఆయన నేల మీద పడుకుని తలుపు సందుకు చెవి ఆనించి ఉన్నాడు. రమ్మని చేత్తో సైగ చేశాడు. ఆవిడ పక్కనే పడుకుంది. బయట, చాలా దగ్గరగా, సన్నగా కీచు కీచు మంటోంది. గుడ్డు లోపలి నుంచే పిలుస్తోంది పిల్ల. తల్లో తండ్రో మెల్లగా, ఆ గయ్యాళి గొంతేనా ఇది అనిపించేంత మెల్లగా, జవాబు చెప్తోంది.

మధ్యాహ్నానికి మూడు పిల్లలూ బయటపడ్డాయి. బూడిద రంగు నూగు, తడి తడిగా, ఒంటికి మించిన కాళ్ళు. గాజు పలక చిన్నది కాబట్టి ముగ్గురూ వంతులు వేసుకుని చూశారు. జనార్దనరావు తన వంతు అయిపోయాక కూడా కదలకపోతే హైకె ట్రామ్ గొంతుతో, "దయచేసి దిగేవాళ్ళకి దారి ఇవ్వండి," అంది. వాసుదేవరావుకి ఫొటో పంపాలని ఆయన గిన్నె పెట్టుకుని జెండా కర్ర దాకా పోయి వచ్చాడు. వాళ్ళ విందులో వంకాయ ఎవరో మాడ్చారట, అయినా పాటలు పాడుకుంటున్నారట.

సోమవారం గాలి తగ్గింది. పిల్లలు అప్పటికే తల్లిదండ్రుల వెంట గడ్డిలోకి నడిచి వెళ్ళిపోయాయి. యెన్స్ పడవ మధ్యాహ్నం పోటుతో వచ్చింది. జనార్దనరావు కిటికీలోంచి దిగాడు, ఈసారి ఎవరి సాయం లేకుండా. ఖాళీ సూట్‌కేసు భుజాన వేసుకుని ఒడ్డుకు నడుస్తూ, "జూలైలో నాకు వారం సెలవుంది," అన్నాడు. "మీకు అడ్డం కాదంటేనే. వస్తే ఏమన్నా పనిస్తారా?"

"హైకెని అడగాలి," అంది జయలక్ష్మి. "నా వరకు రావచ్చు."

పడవ కదిలింది. ఆయన వెనక కొసన నిలబడి, యెన్స్‌కి చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తున్నాడు. పుట్టినప్పటినుంచీ ఈ నీళ్ళ మీద తిరిగిన యెన్స్, మర్యాదగా తలూపుతూ వింటున్నాడు. అంతలో దక్షిణపు కొస నుంచి క్నుట్‌లు లేచాయి. ఈసారి డేగ లేదు, కంగారు లేదు. పొడుగాటి వరసలు కట్టి, ఒకదాన్నొకటి పిలుచుకుంటూ, దీవి మీదుగా ఈశాన్యానికి ఎక్కిపోయాయి. పడవలో ఇద్దరూ తలలెత్తి చూశారు. జనార్దనరావు చూపుడు వేలు గాలిలో కదులుతోంది. వందలు పరుస్తున్నాడు.

జయలక్ష్మి ఆ వరసలు చుక్కలై కలిసిపోయేదాకా చూసింది. వెనక నుంచి హైకె కేకేసింది, రెండు పారలు తెచ్చింది, ఒకటి ఆవిడ కోసం. గూడు ఖాళీ అయింది గానీ తలుపు ముందు జానెడెత్తున ఇసుక పేరుకుని ఉంది, చీకటి పడేలోపు తీసెయ్యాలి.